ముందు హాల్లోకి రాని దయ్యం

దయ్యాల బంగ్లా గీయమంటే నాకు ముందుగా వచ్చేది భయం కాదు, కోపం. హైదరాబాదులో నేను పనిచేసే చోట వీడియో గేములు తయారు చేస్తారు. ఆ గేముల్లో ఇళ్ళు, వీధులు, గదులు కట్టడం నా పని. కట్టడమంటే కంప్యూటర్ మీదనే, ఇటుకా సిమెంటూ ఏమీ ఉండవు. ఏడాదికి ఒక్కసారైనా ఎవరో ఒకరు దయ్యాల బంగ్లా కావాలని వస్తారు. వచ్చినవాళ్ళందరికీ కావలసింది ఒక్క తీరు బంగ్లానే. గుట్ట మీద ఇల్లు, పైన ఉరుములు, తుప్పు పట్టిన గేటు, లోపల ఇంతెత్తు హాలు, రెండు వైపులా తిరిగే మెట్లు, గోడ మీద కళ్ళు తిప్పే బొమ్మ, ఎక్కడ చూసినా వెలిగే కొవ్వొత్తులు. తరాల తరబడి మనిషి అడుగు పెట్టని కొంపలో కొవ్వొత్తులు ఎవరు వెలిగించారయ్యా అని అడిగితే మా టీం లీడర్ నవ్వుతాడు. ఆ ప్రశ్న నాది కాదు, మా అవ్వది. అతనికి అది తెలియదు.

మొన్న అతనే వచ్చి, వంటింట్లో పనిమనిషి దయ్యం ఒకటి పెట్టు, అది ముందు హాల్లోకి రాకుండా గుమ్మం దగ్గర గీత పెట్టు అన్నాడు. గేముల్లో అట్లాంటి గీతలుంటాయి. ఆడేవాళ్ళకు కనబడవు. దయ్యం అక్కడిదాకా తరుముకుంటూ వచ్చి ఆగిపోతుంది. ఆడేవాడికి ఊపిరి తీసుకునే చోటు ఒకటి ఉండాలి కదా, అందుకు. చాయ్ తాగి వచ్చేలోపు అయిపోయే పని. నేను పెట్టనన్నాను. ఎందుకు పెట్టవని అడిగాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగి, లేచి బయటికి వచ్చేశాను. పాపం, అతను నాకు ఒంట్లో బాగాలేదనుకున్నాడు. చెప్పాలంటే ఎక్కడినుంచి చెప్పాలి? జనగామలో మా రెండు గదుల ఇంటి నుంచి చెప్పాలి, తెలంగాణ కోసం ఊళ్ళకు ఊళ్ళు పని మానేసి కూర్చున్న ఆ సమ్మె రోజుల నుంచి చెప్పాలి.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నాను అనడమే గానీ కాలేజీకి తాళం పడి ఉంది. బస్సులు డిపో దాటడం లేదు. ఆఫీసుల ముందు టెంట్లు, టెంట్లలో పాటలు, డప్పులు, రోడ్డు మీదనే వంటలు. మా బాపు భూపాలపల్లిలో బొగ్గుబాయి పనికి పోయేవాడు, అక్కడే రూము తీసుకొని ఉండేవాడు. బాయి వాళ్ళంతా సమ్మెలో దిగారు. బొగ్గు రాక కరెంటుకు కటకట మొదలైంది. బాపు ఫోన్ చేసినప్పుడల్లా మా అమ్మ, మీరక్కడ బాయిలోకి దిగకపోతే మాకిక్కడ ఫ్యాను తిరగడం లేదని దెప్పేది. దెప్పేది గానీ, పొద్దున పని తెమలగానే తనూ పోయి టెంటులో కూర్చునేది.

మా అన్న బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్లో పనిచేసేవాడు. సెంటర్ మూతబడడంతో ఓనరు ఒక కంప్యూటర్ అన్నకిచ్చి, ఇంటి దగ్గర బాగు చేసి పెట్టమన్నాడు. అది ఒక్క పూటలో బాగైంది. అన్న మాత్రం సమ్మె నడిచినన్నాళ్ళూ దాన్ని బాగు చేస్తూనే ఉన్నాడు. బాగు చేయడమంటే గేమ్ ఆడడం. కరెంటు మధ్యాహ్నం పూట కాసేపు వచ్చేది. వచ్చిందంటే ఇంట్లో తలా ఒక దిక్కు ఉరికేవాళ్ళం. అమ్మ నీళ్ళ మోటరు దగ్గరికి, నేను ఫోన్ చార్జింగ్ దగ్గరికి, అన్న దయ్యాల బంగ్లాలోకి.

అవ్వ అంటే మా అమ్మను కన్నతల్లి. అమ్మమ్మ అనాలి గానీ ఇంట్లో చిన్నాపెద్దా అందరం అవ్వ అనే పిలిచేవాళ్ళం. ఆమె ఇల్లు జఫర్‌గఢ్ దగ్గర ఒక ఊళ్ళో. కంటి దవాఖానకని జనగామ వచ్చింది, బస్సులు బందై మా దగ్గరే చిక్కుబడిపోయింది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరేది, ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడ్చేది. చేసేదేమీ దొరకనప్పుడు అన్న వెనకాల పీట వేసుకొని గేమ్ చూసేది. కంటికి ఆపరేషన్ అయిన కొత్త, డాక్టరు వద్దన్నాడని అమ్మ మొత్తుకునేది. అవ్వ వినేరకం కాదు.

మొదటి రోజే అడిగింది, మనుషులు లేరంటివి, దీపాలు ఎవలు ముట్టిచ్చిండ్రు అని. అన్న, గేమ్‌లో అట్లనే ఉంటది అవ్వా అన్నాడు. తర్వాత, గింత ఇల్లు ఊడ్సుడు ఎంతమందితోని అయితది అంది. మేం దయ్యం ఎప్పుడు బయటపడుతుందా అని గుడ్లప్పగించి చూస్తుంటే ఆమె గచ్చు చూసేది, మెట్లు చూసేది, అంత పెద్ద బల్ల మీది గిన్నెలన్నీ కడిగేదెవరని బాధపడేది. అన్న గేటు తోసుకొని ముందు తలుపులోంచి లోపలికి పోతుంటే ప్రతిసారీ ఆమెకు ప్రాణం విలవిల్లాడేది. ముందటికెల్లి పోతవేందిరా, ఎవలన్న సూస్తే ఏమున్నది అనేది. మాకు నవ్వాగేది కాదు.

ఒకనాడు అన్న ఆ బంగ్లా వంటింటిదాకా పోయాడు. అక్కడ నడుముకు తెల్లగుడ్డ కట్టుకొని, చేతిలో దీపం పట్టుకొని ఒక ఆడమనిషి ఎదురొచ్చింది. పనిమనిషి దయ్యం. అన్న ఇనుప రాడ్డు తీసి కొట్టడం మొదలుపెట్టాడు. ఆమె పడిపోవడం, లేవడం, మళ్ళీ రావడం. అవ్వ పీట మీంచి లేచి అన్న చెయ్యి పట్టుకుంది.

"గామె ఏం జేసిందిరా?"

దయ్యం అవ్వా, కొట్టకపోతే మనల్నే సంపుతది అన్నాడు అన్న. ఎట్లా చచ్చిందని అడిగింది. ఆ ఇంటి దొరే చంపించాడని గేమ్ కథలో ఉంది, అదే చెప్పాడు. మరి దొరేడి అంది అవ్వ. అన్నిటికంటే చివరి గదిలో ఉంటాడని అన్న చెప్పాడు.

"అయితే ఆడికి పో. ఈమెనెందుకు కొడుతున్నవ్?"

వంటిల్లు దాటకుండా ఆ గదికి దారి లేదు మరి. అవ్వ మనసు కష్టపెట్టడం ఇష్టం లేక అన్న ఒక ఉపాయం చేశాడు. దయ్యానికి చిక్కకుండా వెనక్కి ఉరికి ముందు హాల్లోకి వచ్చేశాడు. ఆమె దీపం పట్టుకొని తరుముకుంటూ వచ్చి హాలు గుమ్మం దగ్గర టక్కున ఆగిపోయింది. చూసినవా, ఇది ముందటి హాల్లోకి రాదు, ఇక్కడుంటే మనకేం కాదు అన్నాడు అన్న, ఏదో ఘనకార్యం చేసినట్టు.

"ఎట్లొస్తది? రానియ్యరు గదా" అంది అవ్వ, అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. ఇంతలో కరెంటు పోయింది. నల్లబడిన తెర ముందు కూర్చొని, ఆ మధ్యాహ్నం మాకు తన అక్క గురించి మొదటిసారి చెప్పింది.

అవ్వ పుట్టిన ఊరు మానుకోట అవతల. మహబూబాబాదును మా దిక్కు అందరం మానుకోట అనే అంటాం. ఆ ఊళ్ళో దొర గడి ఉంది. చుట్టూ మనిషెత్తు కాదు, ఇల్లెత్తు గోడ, ముందు ఏనుగు పట్టేంత కమాను, లోపల బంగ్లా, బంగ్లా వెనక వంటిల్లు, వంటింటి పక్కన బావి. ఇంటికొక మనిషి గడికి చాకిరీ చేయాలన్న కాలం అది. మా అవ్వ ఇంటి నుంచి ఆమె అక్కను పంపారు, ఇంకా పాలపళ్ళు పూర్తిగా ఊడని వయసులో. జీతమూ లేదు, బత్తెమూ లేదు. నీళ్ళు మోయాలి, వడ్లు దంచాలి, పిండి విసరాలి. అందరూ తిన్నాక అడుగున మిగిలింది తిని అక్కడే ఒక మూలకు పడుకోవాలి. వెనక దర్వాజలోంచి పోవాలి, వెనక దర్వాజలోంచే రావాలి. గడి ముందు నుంచి నడిచేవాళ్ళు ఎవరైనా సరే చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. పండుగకు ఇంటికి పంపితే ఆ పిల్ల చెల్లెలికి జడ వేసేదట. తల్లి వేడన్నం పెడితే నోరు కాలి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవట, చల్లన్నం తప్ప వేడిది అలవాటు లేక. అది చెబుతూ అవ్వ నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్ళకు పెట్టుకుంది.

పెళ్ళీడు రాకముందే ఆ అక్క గడి బావిలో తేలింది. కాలు జారి పడ్డదన్నారు. కన్నతల్లిని లోపలికి రానివ్వలేదు. వెనక దర్వాజలోంచి తెచ్చి చేతుల్లో పెట్టారు. ఏం జరిగిందని అడిగే దమ్ము ఊళ్ళో ఎవరికీ లేకపోయింది. అడగలేని జనం కథలు చెప్పుకున్నారు. మునిమాపు వేళ గడి వంటింట్లో దీపం తిరుగుతోందని ఒకరు, విసుర్రాయి చప్పుడు వినబడుతోందని ఒకరు. అట్లా ఆ పిల్ల గడి దయ్యమైపోయింది. దొర ఆ తర్వాత చాలాకాలానికి పోయాడు, మంచం మీద, కొడుకుల చేతుల్లో. ఆయన గురించి ఎవరూ అట్లాంటి మాట అనలేదు.

"దొరలల్ల ఒక్కడన్న దయ్యం గాలె బిడ్డా. మా అక్కనే అయింది."

దయ్యమని పేరు పడడం వల్ల జరిగిన అన్యాయం ఇంకోటుంది. బతుకమ్మ మొదలయ్యే రోజు పెత్రమాస. ఆనాడు ఇంట్లో చనిపోయిన వాళ్ళందరి పేర్లూ తలుచుకొని, వండి పెట్టి, వాళ్ళ పేరున బియ్యం ఇస్తారు. పసిగుడ్డుగా పోయినవాళ్ళను కూడా మరవరు. ఆ అక్క పేరు మాత్రం వాళ్ళింట్లో ఎవరూ ఎత్తలేదు. దయ్యాన్ని పేరు పెట్టి పిలిస్తే ఎంబడి ఇంటికొస్తుందని భయం. కన్నతల్లే వద్దని ఒట్టు పెట్టించుకుందట. అవ్వ పెళ్ళయి జఫర్‌గఢ్ దిక్కు వచ్చాక కూడా ఆ ఒట్టు దాటలేదు. ప్రతి పెత్రమాసకూ అందరి పేర్లూ చెప్పి చివర కాసేపు ఊరుకునేదని, ఎందుకో తనకిప్పుడు తెలిసిందని మా అమ్మ తర్వాత నాతో అంది.

ఆ వారంలోనే మానుకోట నుంచి చుట్టాల ఫోన్ వచ్చింది. దొర మనవలు పట్నంలో ఉండి గడిని అమ్మేశారట. కొన్నవాళ్ళు కూలగొడుతున్నారట. టేకు తలుపులు, దూలాలు లారీలకెక్కాయట, ఇక బావి పూడుస్తారట. సమ్మెకు సర్వం ఆగింది గానీ గడి కూలగొట్టడం ఆగలేదు. అవ్వ ఫోన్ పెట్టేసి, ఈ పెత్రమాసకు నేను పోవాలె అంది. బావి పూడ్చకముందే అక్కకు ఇంత వేడన్నం పెట్టాలి. పేరు పెట్టి పిలవాలి. దయ్యాల్లోంచి తీసి మన పెద్దల్లో కలుపుకోవాలి. తను పోతే ఆ పిల్లను తలుచుకునే మనిషే భూమ్మీద ఉండదు.

అమ్మ ససేమిరా అంది. దారులు బాగా లేవంది, కన్ను పచ్చిగా ఉందంది. చివరికి అసలు మాట బయటపెట్టింది, పిలిస్తే ఎంబడి వస్తదని నిన్ను కన్న తల్లే చెప్పె గదా, పిల్లలున్న ఇల్లు అని. అవ్వ కోపం చేయలేదు. వస్తే రానీ, ఏం తింటదే అంది, పిడికెడు అన్నం. అవ్వకు తోడు నేను పోవాలని తేలింది. అన్న కూడా వస్తాననేవాడే గానీ, ఆనాడు అతనికి టెంటులో వంతు ఉంది.

పెత్రమాస పొద్దున చీకటితోనే లేచి అవ్వ అన్నం వండింది, పచ్చిపులుసు చేసింది, నాలుగు గారెలు వేసింది. గిన్నెకు గుడ్డ మీద గుడ్డ చుట్టింది. బస్సులు లేవు కాబట్టి జనమంతా రైలు మీదే పడ్డారు. కాజీపేటలో బండి మారి మానుకోట బండి ఎక్కాం. బండి ప్రతి స్టేషన్లో మొండికేసింది. అవ్వ ఆ గిన్నెను ఒళ్ళో పెట్టుకొని, గుడ్డ మీద చెయ్యి ఆనించి, సల్లారుతున్నది బిడ్డా, సల్లారుతున్నది అని నా ప్రాణం తీసింది. మానుకోటలో ఆటో దొరికి, ఊళ్ళోకి చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. అన్నం చల్లారిపోయింది.

ఆటో దిగగానే అవ్వ చెప్పులు విడిచి చేత పట్టుకుంది. గడి ఇంకా అంత దూరాన ఉంది. నేను ఎందుకన్నాను. ఎందుకో ఆమెకే తెలియలేదు, చేతిలోని చెప్పుల వంక చూసుకుంది. మళ్ళీ వేసుకోమంటే వేసుకోలేదు. దారంతా పెంకులు, గాజు ముక్కలు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఆమె మీదే అరిచాను. ఎవరున్నారిక్కడ, ఎవరు చూస్తారు నిన్ను అని. ఆమె నా మాట చెవిన పెట్టకుండా జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ నడిచింది.

గడి సగం కూలిపోయి ఉంది. ముందు కమాను మాత్రం అట్లాగే నిలబడి ఉంది. తలుపులు లేవు. మేకలు కూడా అందులోంచే వస్తూ పోతూ ఉన్నాయి. పక్కన చెట్టు కింద కూలగొట్టే పనికి తండా నుంచి వచ్చిన వాళ్ళు అన్నాలకు కూర్చున్నారు, వాళ్ళ భాషలో మాట్లాడుకుంటూ. గడి రాళ్ళే మూడు పెట్టి పొయ్యి చేసుకున్నారు. అవ్వ పోయి, జర ఈ అన్నం వేడి చేసుకుంటనమ్మా అంది. ఒక ఆమె పొయ్యి ఎగదోసి, ఎవలకు అవ్వా అని అడిగింది. మా అక్కకు అంది అవ్వ. ఏడున్నది? లోపటున్నది. ఆమె గడి వంక చూసింది, అవ్వ కాళ్ళ వంక చూసింది. తన కుండలోంచి కాసిన్ని వేడినీళ్ళు తీసి గిన్నెలో చల్లి, ఆవిరి వచ్చేదాకా ఉంచి, తన పాత గుడ్డతోనే పట్టుకొని అవ్వ చేతికిచ్చింది.

అవ్వ కమాను వైపు తిరగనే లేదు. గోడ వెంట, ముళ్ళకంపలోంచి చుట్టూ తిరిగి వెనక్కి పోయింది. వెనక దర్వాజ ఉంది. పొట్టి దర్వాజ, తల వంచితే తప్ప పోలేనిది. కానీ కూలగొట్టిన రాళ్ళూ మట్టీ అంతా తెచ్చి అక్కడే పోశారు. దర్వాజ గడప నుంచి పై కమ్మీదాకా నిండిపోయింది. ఒక్క చెయ్యి దూరేంత సందు కూడా లేదు. బావి ఆ వెనకే ఉండాలి. అవ్వ ఆ రాళ్ళను చేత్తో తడిమి, ఒకటి రెండు లాగి చూసింది. కదల్లేదు.

ముందు నుంచి లోపలికి పోదాం అవ్వా, తలుపే లేదు, రెండడుగులు వేస్తే వంటింట్లో ఉంటాం అన్నాను. చెయ్యి పట్టుకున్నాను, గుంజాను. ఆమె కాళ్ళు కదలలేదు. నేనెట్ల పోత అండ్లకెల్లి, నువ్వు పోయి బావి ఉన్నదా సూసి రా, నీకేం గాదు అంది. ఆమె కళ్ళల్లో నిజమైన భయం చూశాను. అన్న గేమ్‌లో ఏ దయ్యాన్ని చూసి కూడా అంత భయం మాలో ఎవ్వరికీ కలగలేదు.

నేను చెప్పులతోనే కమానులోంచి లోపలికి పోయాను. ఆ తర్వాత నా ఉద్యోగంలో ఎన్నో బంగ్లాలు గీశాను గానీ అట్లాంటి ఇల్లు ఎవరూ నన్ను అడగలేదు. అక్కడ కళ్ళు తిప్పే బొమ్మ లేదు, రహస్యపు తలుపు లేదు. హాలు, గదులు దాటుకొని వెనక్కి పోతే మసిబారిన గోడ ఒకటి నిలబడి ఉంది, అదే వంటిల్లు. పక్కన కిటికీ లేని ఇరుకు కొట్టు, అందులో విరిగిన విసుర్రాయి. దాని ముందు గచ్చు మీద మనిషి కూర్చున్నంత మేర నున్నగా అరిగి ఉంది. ఎంతమంది కూర్చుంటే అట్లా అరుగుతుందో. అవతల బావి పూడిపోయింది. పైన మట్టి ఇంకా పచ్చిగా ఉంది. మేం వచ్చేసరికే పని అయిపోయిందన్నమాట. నేను ఆ మట్టి దగ్గర నిలబడి ఉండగా రాళ్ళ గుట్టకు అవతలి నుంచి అవ్వ గొంతు వినబడింది.

ముందు పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు వినడం నాకు అదే మొదలు. గట్టిగా కాదు, నిద్రపోతున్న మనిషిని లేపుతున్నట్టు.

"అక్కా, నేనే. వేడన్నం తెచ్చిన, ఊదుకుంట తిను. తిన్నంక పోదాం పా. ఇగ ఈడ పని లేదు నీకు. అన్నీ కూలగొట్టిండ్రు. మనింటికి పోదాం, నా ఎంబడి రా."

నేను లోపల ఉన్నాను, ఆమె బయట ఉంది, మధ్యలో రాళ్ళు. ఆ పిలుపు నన్నే పిలిచినట్టుంది. ఓ అనాలనిపించింది, అనడానికి భయమేసింది. నేను ఏడుస్తూ నిలబడ్డాను. ఎంతసేపటికో కమానులోంచి బయటికి వచ్చి వెనక్కి పోయేసరికి అవ్వ మోదుగ విస్తరిలో అన్నం పెట్టి, పక్కకు తిరిగి కూర్చొని ఉంది. తినే మనిషి వైపు చూడకూడదని.

తిరుగు బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. అవ్వ తన పక్కన కాస్త ఖాళీ ఉంచి దాని మీద చెయ్యి పెట్టుకుంది. జనం నిలబడి ఉన్నారు. పసిపిల్లను ఎత్తుకున్న ఒకామె జరగమంటే, మా అక్క ఉన్నది అంది అవ్వ. మళ్ళీ ఆ పిల్లను చూసి మనసు ఆగలేదు.

"పిల్లను కూసోవెట్టు, ఏం గాదు. మా అక్క పిల్లలను మంచిగ సూసుకుంటది."

ఆమె పిల్లను కూర్చోబెట్టి, ఆ అక్క ఎవరా అని చుట్టూ చూసింది. అవ్వ ముఖం అంత తేటగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. జనగామ దాకా ఆ పిల్లతో ఆడుతూనే ఉంది.

జనగామలో దిగేసరికి పొద్దు గూకుతోంది. మా గల్లీ మొదట్లో మొదటి రోజు ఆడే ఎంగిలిపువ్వు బతుకమ్మ ఆడుతున్నారు, పాటల మధ్య తెలంగాణ నినాదాలు. అమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకొని వాకిట్లో నిలబడి ఉంది. పోవద్దన్న మనిషే, మా ఇద్దరికీ కాక మూడో చెంబు కూడా నింపి పెట్టింది. అవ్వ కాళ్ళు కడుక్కుంది. అరికాళ్ళ నుంచి రక్తం కారింది. గడపలో కాలు పెట్టబోతూ ఆగి, వెనక్కి తిరిగి, అక్కను ముందు పోనిద్దామన్నట్టు పక్కకు జరిగి చాలాసేపు చూసింది. చూసి చూసి అక్కడే కూలబడింది.

"రాలె" అంది. "అది రాలె."

అమ్మ, నేను చెరో వైపు పట్టుకున్నాం. వచ్చిందిలే అవ్వా, బండిలో నీ పక్కనే ఉంది కదా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వెనుక దర్వాజ పూడ్సిరి గదా బిడ్డా. ముందటికెల్లి రమ్మని నేను చెప్పకపోతిని. చెప్పకుంటే అదెట్లొస్తది?"

తలుపులే లేవు కదా అవ్వా, ఆ దొరలూ లేరు, ఎటునుంచైనా రావచ్చు అన్నాను.

"గా సంగతి దానికెట్ల ఎర్క?"

ఆనాడు కరెంటు సాయంత్రం వచ్చింది, లోపల అన్న కంప్యూటర్ ముందు కూర్చొని ఉన్నాడు. మా మాటలు విని లేచి, స్విచ్చి తీసేశాడు. ఆ గేమ్ మళ్ళీ మా ఇంట్లో ఎవరూ ఆడలేదు.

మర్నాడే పోయి చెప్పి వస్తానని అవ్వ పట్టు పట్టింది. కాలు చీము పట్టి జ్వరం వచ్చింది. అది తగ్గేసరికి రైళ్ళు ఆగాయి. రైళ్ళు కదిలేసరికి మానుకోట నుంచి ఫోన్ వచ్చింది, మొత్తం నేలమట్టం చేశారని. ఆ తర్వాత అవ్వ అన్నం ముందు కూర్చొని, ఆవిరి పోయేదాకా తినేది కాదు. ఆ చలికాలమే పోయింది, తెలంగాణ చూడకుండా. పోయేముందు ఒక్కటే అడిగింది నన్ను. నువ్వు పో బిడ్డా, నువ్వు ముందటికెల్లి పోయినవ్ గదా, నువ్వు చెప్తె నమ్ముతది అంది.

మరుసటి పెత్రమాసకు బస్సులు నడుస్తున్నాయి. అమ్మ తెల్లవారుజామునే వండి గిన్నె కట్టి ఇచ్చింది. పెద్దల పేర్లలో ఈసారి రెండు కొత్త పేర్లు చేర్చింది, అవ్వది, అవ్వ అక్కది. నేనొక్కదాన్నే పోయాను. గడి లేదు. చదును చేసిన నేల మీద ప్లాట్లకు పాతిన తెల్లరాళ్ళు, మధ్యలో గడ్డి. ముందు కమాను ఒక్కటి వదిలేశారు, ప్లాట్లకు గేటుగా పనికొస్తుందని కాబోలు, రంగు కూడా వేశారు. వంటిల్లు ఎక్కడుండేదో గుర్తుపట్టి, అక్కడ విస్తరి వేసి అన్నం పెట్టాను. తర్వాత వచ్చి కమాను కింద నిలబడ్డాను. అక్కడ ఏ గీతా లేదు. ఉన్నా కనబడదు కదా, కనబడని గీతలే పెడతారు. చెప్పులు విడవలేదు. లోపలి వైపు తిరిగి, అవ్వ పిలిచిన పేరుతోనే పిలిచాను. ఆ పేరు నా నోట రావడం అదే మొదటిసారి.

"నీ చెల్లె పంపింది నన్ను. ముందటికెల్లే రా అమ్మమ్మా. ఎవ్వల్లేరు. ఎవ్వలేమనరు."

చెప్పి, దారి వదిలి ఒక పక్కకు జరిగి నిలబడ్డాను. ఎండ చిరచిరలాడుతోంది. నన్ను తెచ్చిన ఆటో అతను చాలాసేపటి నుంచి నన్నే చూస్తున్నాడు. ఇంజను స్టార్ట్ చేసి, పోదామా అక్కా, ఇంకెవలన్న ఉన్నరా అని అడిగాడు.

ఉన్నరన్నా, జర ఆగు అన్నాను.